దక్షుడి తరఫున ఎవరు మాట్లాడతారు?

శివుణ్ణి నిండు సభలో తిట్టి, కన్నకూతురి చావుకు కారణమై, తల తెగి, చివరికి మేకతలతో బతికి బయటపడ్డవాడు దక్షప్రజాపతి. గోదావరి జిల్లాల్లో శివాలయం లేని ఊరంటే వెతుక్కోవాలి. అలాంటి సీమలో, ఆ శివుడితోనే పేచీ పెట్టుకున్న మామగారి పేరు ఒక మహాక్షేత్రానికి అంటుకుపోయింది. రామచంద్రపురం దగ్గరి ద్రాక్షారామానికి దక్షవాటిక అన్న పేరూ ఉంది. దక్షుడు యజ్ఞం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. ఉత్తరాదివారు హరిద్వారం దగ్గరి కన్ఖల్‌ను చూపిస్తారు. ఆ తగవు ఇక్కడ మనకు వద్దు. మన తగవు దక్షుడితో.

ఆయన దుర్మార్గుడా? మర్యాద కోసం పట్టుబట్టి చెడిన పెద్దమనిషా? ఆయన నిజంగా కోరిందేమిటి, యజ్ఞం పేరుతో వేసిన ఎత్తేమిటి? పురాణ కాలక్షేపంలో, హరికథ పందిట్లో, నాటకం ముగిశాక ఇంటికి మళ్ళే దారిలో మనవాళ్ళు తరతరాలుగా నలిపిన ప్రశ్నలివి. ప్రతినాయకుడి మనసులో ఏముందో తేల్చుకోవడం తెలుగునాట ఒక విద్య. దానికి మెట్లున్నాయి, హద్దులున్నాయి. దాని కీలకం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: అతని ఉద్దేశం మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు, తీర్పు మాత్రం అతనికి హెచ్చరిక అందిన ఘడియను చూసి ఇవ్వాలి.

తగువు ఎక్కడ మొదలైంది

పోతన భాగవతం చతుర్థ స్కంధంలో కథ ఇలా నడుస్తుంది. ప్రజాపతుల సత్రయాగానికి దక్షుడు వచ్చాడు. సభంతా లేచి నిలబడింది. లేవనివాళ్ళు ఇద్దరే: బ్రహ్మ, శివుడు. బ్రహ్మ తండ్రి కనుక ఆయన లేవకపోవడంలో వింత లేదు. అల్లుడు లేవకపోవడం దక్షుడికి గుచ్చుకుంది. శ్మశానవాసి అన్నాడు, బూడిద పూసుకునేవాడన్నాడు, ఇలాంటివాడికి నా పిల్లనిచ్చానే అన్నాడు. దేవతలతో పాటు ఇతనికి హవిర్భాగం దక్కకూడదని శపించి సభలోంచి వెళ్ళిపోయాడు. నందీశ్వరుడు ఊరుకోలేదు. దక్షుడికి మేకముఖం రావాలని శపించి, ఆయన్ను సమర్థించిన బ్రాహ్మణులకూ శాపం పెట్టాడు. భృగువు లేచి శివభక్తులను ఎదురు శపించాడు. ఇంత జరుగుతున్నా శివుడు ఒక్క మాట అనలేదు. మనసు చిన్నబుచ్చుకుని పరివారంతో లేచి వెళ్ళాడు.

కొంతకాలానికి దక్షుడు బృహస్పతిసవమనే యాగం తలపెట్టాడు. లోకాన్నంతా పిలిచాడు, చిన్నకూతుర్నీ అల్లుణ్ణీ తప్ప. సతి పిలవకుండానే వెళ్ళింది. తల్లీ అక్కచెల్లెళ్ళూ తప్ప ఎవరూ పలకరించలేదు. యజ్ఞంలో శివుడికి భాగం లేకపోవడం కళ్ళారా చూసి, యోగాగ్నిలో దేహం విడిచింది. ఆ తరువాత వీరభద్రుడు, విధ్వంసం, మేకతల.

మొదటి మెట్టు: అతని వాదం అతనికంటే బాగా చెప్పడం

శాస్త్రచర్చలో పూర్వపక్షం అనే పద్ధతి ఉంది. ఎదుటివాడి వాదాన్ని ముందు తానే వినిపించాలి. అదీ బలహీనంగా చెప్పి కొట్టిపారేస్తే కుదరదు. ఎదుటివాడు విని, ఔను, నేను అనదలుచుకున్నది ఇదే అని ఒప్పుకోవాలి. ఆ తరువాతే ఖండన, ఆపైన సిద్ధాంతం. పురాణం చెప్పే శాస్త్రులుగారు దక్షుడి ఘట్టానికి వచ్చేసరికి గొంతు పెంచి దక్షుడైపోవడం ఈ పద్ధతిలో భాగమే. కాసేపు దక్షుడిదే న్యాయమని జనానికి అనిపించకపోతే ఆ కాలక్షేపం చప్పగా తేలిపోతుంది.

దక్షుడి వాదంలో బలం లేకపోలేదు. ఆయన ప్రజాపతులకు అధిపతి. సభకంటూ ఒక మర్యాద ఉంది, అది ఒకరికి వర్తించి ఇంకొకరికి వర్తించకపోతే మర్యాదే కాదు. దేవతలంతా లేచిన చోట ఒక్కరు కూర్చుంటే, ఆ ఒక్కరూ అల్లుడైతే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పైగా తరువాతి యాగంలో ఆయన కొత్తగా చేసిందేమీ లేదు. హవిర్భాగం లేదని సభలో అన్నాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు.

గోదావరి జిల్లాల శ్రోత దగ్గర దీనికి వెంటనే ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేసింది మామే కదా, కాళ్ళు కడిగినవాడు ఇప్పుడు లేచి నిలబడమనడమేమిటి? సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందరకాల వంటకాలు పరిచే సీమలో ఈ ప్రశ్న శాస్త్రంలోంచి రానక్కర్లేదు, వంటింట్లోంచే వస్తుంది. దానికీ దక్షపక్షం జవాబు చెబుతుంది: పెళ్ళిపీటల మీద అల్లుడు విష్ణుస్వరూపం, సభలో అతను ఒక సభ్యుడు. ఈ జవాబు మీద ఇంకో అరగంట వాదన సాగుతుంది. వాదన సాగాలంటే రెండువైపులా ఇలా సరుకు ఉండాలి.

రెండో మెట్టు: పాతలెక్కలు తిరగేయడం

మనిషి ఒక్కరోజు కోపంతో ఇంతపని చేయడని పెద్దలకు తెలుసు. అందుకే దక్షుడి గతాన్ని తవ్వుతారు. భీమవరం గునుపూడిలోని సోమారామం ఇందుకు పనికొస్తుంది. ద్రాక్షారామంలాగే ఇదీ పంచారామాల్లో ఒకటి. చంద్రుడు ప్రతిష్ఠించిన లింగమని, అమావాస్యకూ పున్నమికీ రంగు మారుతుందని భక్తుల నమ్మకం. ఆ చంద్రుడూ దక్షుడికి అల్లుడే. ఇరవైఏడుగురు కూతుళ్ళనిచ్చి చేస్తే అతను రోహిణి ఒక్కదాన్నే చూసుకుని మిగతావాళ్ళను పట్టించుకోలేదు. దక్షుడు క్షయరోగం పట్టిపొమ్మని శపించాడు. క్షీణించిపోతున్న చంద్రుణ్ణి కాపాడి నెత్తిన పెట్టుకున్నది శివుడు.

ఈ కథ పక్కన పెట్టి చూస్తే దక్షుడి ముఖం కాస్త మారుతుంది. ఒక అల్లుడి చేతిలో కూతుళ్ళ కన్నీళ్ళు చూసిన తండ్రి ఆయన. తాను శిక్షించినవాణ్ణి ఇంకో అల్లుడు చేరదీశాడు. ఆ చిన్నల్లుడు తనను చూసి లేవలేదు. ఈ రెండు కథల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది పురాణాన్ని బట్టి మారుతుంది కనుక ఇదే అసలు కారణమని తేల్చి చెప్పలేం. కానీ వాదనలో దీన్ని సాక్ష్యంగా నిలబెట్టవచ్చు. నిలబెట్టినవాడు తాను ఏ పురాణం నుంచి తెచ్చాడో చెప్పి తీరాలి. ఒక గ్రంథంలో కోపాన్నీ ఇంకో గ్రంథంలో కారణాన్నీ తీసుకుని కుట్లువేసి, అంతా ఒకేచోట ఉన్నట్టు చూపిస్తే సభలో తెలిసినవాడు పట్టుకుంటాడు.

పాఠాంతరం మారితే మనిషే మారిపోతాడనడానికి మహాభారతం శాంతిపర్వం మంచి ఉదాహరణ. అందులో సతీదేహత్యాగం లేదు, మేకతల లేదు. యజ్ఞశాలలో దధీచి లేచి శివుడు లేని యజ్ఞం యజ్ఞమే కాదని హెచ్చరిస్తాడు. దక్షుడు తిట్లకు దిగడు. శూలాలూ జటలూ ఉన్న రుద్రులు పదకొండుమంది మాకున్నారు, ఆ మహేశ్వరుడెవరో నేనెరగనన్న ధోరణిలో జవాబిస్తాడు. భాగవతంలో గాయపడ్డ మామ ఇక్కడ నిబంధనలు చదివి వినిపించే అధికారి అవుతాడు. రుద్రులకు భాగం ఇచ్చాం, లెక్క సరిపోయింది, ఇంకొకడెందుకు అన్నది ఆయన ధీమా.

ఆ ధీమాకు కోనసీమ తనదైన జవాబు ఇచ్చింది. కనుమనాడు మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశరుద్రుల ప్రభలు వచ్చి ఒకచోట కొలువుతీరతాయి. పంటచేలమీదుగా, కాలువనీళ్ళలోంచి, ప్రభను భుజాల మీద మోసుకుంటూ వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభలతీర్థమే. దక్షుడు పదకొండుమందిని చూపించి ఒక్కణ్ణి తప్పించాలనుకున్నాడు. పదకొండుమందినీ శివుడిగానే మొక్కే చోట ఆయన లెక్క చెల్లదు.

మూడో మెట్టు: కోరిక వేరు, పన్నాగం వేరు

మర్యాద కావాలనుకోవడం తప్పు కాదు. దానికోసం దక్షుడు ఎంచుకున్న ఉపాయం చూడండి. నేరుగా శివుడితో తలపడలేదు. వేడుక చేశాడు. అందరినీ పిలిచాడు. పిలవకపోవడాన్ని ఆయుధం చేసుకున్నాడు. పిలుపుల పట్టింపు ఎరిగినవాళ్ళకు ఈ ఆయుధం పదును విడమరిచి చెప్పక్కర్లేదు. కార్డు పంపారా, మనిషి వచ్చి పిలిచాడా, బొట్టుపెట్టి పిలిచారా, గుమ్మంలోంచి పిలిచి పోయారా అన్నదాని మీద ఏళ్ళతరబడి మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు.

ఈ పన్నాగాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. శివుణ్ణి అవమానించడమే ఎత్తు అన్నది మామూలు పాఠం. రెండోది ఇంకా లోతైనది: ఇది దేవతలకు పెట్టిన పరీక్ష. శివుడు లేని యజ్ఞానికి ఎవరెవరు వస్తారో, వచ్చి ఎవరెవరు నోరు మూసుకుంటారో చూస్తే, లోకంలో తన మాట ఎంత చెల్లుతుందో తేలిపోతుంది. దాదాపు అందరూ వచ్చారు. భాగవతం ప్రకారం బ్రహ్మ, విష్ణువు ముందే ఊహించి రాలేదు. ఊహించినవాళ్ళు ఒక మాట చెప్పి ఆపకుండా ఇంట్లో కూర్చున్నారేమని అడిగే శ్రోతలూ ఉంటారు. ప్రతినాయకుడి పన్నాగాన్ని విప్పుతూ పోతే మంచివాళ్ళ మౌనం కూడా బయటపడుతుంది. ఈ విద్యకున్న పెద్ద ప్రయోజనం అదే.

ఇక సతి వెళ్ళవచ్చునా అన్నది ఆడవాళ్ళ వాదనలో అతి వేడెక్కే ఘట్టం. పిలవని పేరంటానికి వెళ్ళకూడదని సామెత. పుట్టింటికి పిలుపేమిటని ఇంకో మాట. భాగవతంలో సతి ఈ రెండో మాటే అంటుంది: స్నేహితుల ఇంటికీ, గురువు ఇంటికీ, తండ్రి ఇంటికీ పిలవకపోయినా పోవచ్చు. శివుడు అది కాదనడు. ఆ ఇంటివాళ్ళు అహంకారంతో తప్పులెంచనంత వరకు పోవచ్చునంటాడు. ఈ సంభాషణలో ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి న్యాయాన్నీ అబద్ధం చేయగలవాడు యజ్ఞశాలలో దీక్షలో కూర్చుని ఉన్నాడు.

నాలుగో మెట్టు: అడ్డుప్రశ్న వేసేవాడు

ఈ వాదన పండితుల చేతిలో మాత్రమే ఉండి ఉంటే ఎప్పుడో ఎండిపోయేది. మన కళారూపాలు ప్రశ్నించేవాణ్ణి కథలోనే కూర్చోబెట్టాయి. తోలుబొమ్మలాటలో రాజులూ రాక్షసులూ భారీ మాటలు మాట్లాడుతుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి మొరటుగా, సూటిగా అడిగేస్తారు. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ బొమ్మలాటకు పేరున్న ఊరు. బుర్రకథలో కథకుడి పక్కనున్న వంతల్లో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం చెబుతారు. కథకుడు పద్యంలో పొగిడినదాన్ని వంత ఒక్క ముక్కలో నిలదీస్తాడు. హరికథలో ఈ మూడు పాత్రలూ ఒక్కరే. హరిదాసు పాడుతూ, ఆడుతూ, మధ్యలో ఆగి జనం వైపు తిరిగి తానే అడ్డుప్రశ్న వేసుకుంటాడు. ద్రాక్షారామానికి ఎంతో దూరం లేని కపిలేశ్వరపురంలో సర్వరాయ హరికథా పాఠశాల ఈ విద్యను, ముఖ్యంగా ఆడపిల్లలకు, నేర్పుతూ వచ్చింది.

అడ్డుప్రశ్నకు ఒక నియమం ఉంది. అది జనం మనసులో అప్పటికే మెదులుతున్నదై ఉండాలి. శివుడు ఒక్కసారి లేచి నిలబడితే పోయేదిగా, ఇంత గొడవ ఉండేదా? ఈ ప్రశ్న వేయని దక్షయజ్ఞం వినడం దండగ. భాగవతంలో దీనికి శివుడి జవాబుంది: జ్ఞాని లేచి నమస్కరించేది ఎదుటివాడి లోపలున్న పరమాత్మకు, దేహాభిమానికి కాదు. జవాబు గొప్పదే. అయినా వంత ఇంకోటి అడగగలడు: ఆ సంగతి మామగారికి ఎవరైనా చెప్పారా?

నటుడి ముఖం కూడా ఒక వాదనే. 1962లో కడారు నాగభూషణం తీసిన ‘దక్షయజ్ఞం’ సినిమాలో శివుడు ఎన్.టి. రామారావు, సతి దేవిక, దక్షుడు ఎస్.వి. రంగారావు. రంగారావు నాటకాల్లో రాటుదేలింది కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో. ఆయన ప్రతినాయకుల్లో కనిపించే గుణం ఒకటుంది: వాళ్ళు తమను తాము దుర్మార్గులని ఎన్నడూ అనుకోరు. కీచకుడైనా, హిరణ్యకశిపుడైనా, దక్షుడైనా తన ఇంట్లో తాను న్యాయంగానే ఉన్నానన్న నిబ్బరం ఆ నడకలో తెలుస్తుంది. పాత్రను అలా నమ్మి నటించినప్పుడే చూసేవాడికి ఆలోచించే పని పడుతుంది.

తీర్పు ఎక్కడ ఇవ్వాలి

ఇంతవరకు వచ్చాక చాలామంది ఒక గోతిలో పడతారు. కారణం అర్థమైంది కనుక తప్పు లేదనేస్తారు. ప్రతినాయకుణ్ణి నాయకుడిగా తిరగేయడం తెలుగు సాహిత్యంలో ఒక బలమైన పాయ. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’లో పురాణన్యాయాన్నే బోనులో నిలబెట్టారు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వేంకటకవి మాటలతో దుర్యోధనుడికి చప్పట్లు మోగాయి. ఆ పాయ అవసరమైనదే, ఎప్పుడూ బోనెక్కనివాణ్ణి అది బోనెక్కించింది. కానీ దాన్ని అలవాటుగా వాడితే వాదన చచ్చిపోతుంది. ఒకప్పుడు రాముడికి కొట్టిన చప్పట్లు ఇప్పుడు రావణుడికి కొడతాం, ఆలోచన మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

దీనికి విరుగుడు రాయబారం ఘట్టంలో ఉంది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడడానికి పద్యాల సొంపు ఒక కారణం. ఆ ఇద్దరిలో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి కడియం మనిషి, దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం వైపు. అయితే ఆ నాటకం జనాన్ని పట్టి కూర్చోబెట్టడానికి ఇంకో కారణం ఉందనుకుంటాను. యుద్ధం ఖాయమని అందరికీ తెలుసు. అయినా కృష్ణుడు వచ్చి ఐదూళ్ళిస్తే చాలంటాడు. ఆ క్షణాన దుర్యోధనుడి ముందు దారి తెరిచి ఉంది. అతనికి పాండవులపై ఎన్ని ఫిర్యాదులున్నా, వాటిలో ఎన్ని నిజమైనా, తెరిచిన దారిని చూసి అతను ఏం చేశాడన్నదే చివరికి మిగిలే ప్రశ్న.

దక్షుడికి ఇలాంటి ఘడియలు రెండు వచ్చాయి. భారత కథనంలో దధీచి లేచి హెచ్చరించాడు. భాగవత కథనంలో కూతురు గుమ్మంలో నిలబడింది. రెండోది హెచ్చరికలా కనిపించదు, అందుకే అది ఇంకా గట్టిది. అల్లుడి మీద ఎంత కోపమున్నా, ఇంటికొచ్చిన ఆడపిల్లను ‘వచ్చావా అమ్మా’ అంటే యజ్ఞం ఆగిపోయేది కాదు, దీక్ష చెడేది కాదు. ఆయన తల తిప్పుకున్నాడు. సభామర్యాద గురించి అంత వాదించినవాడు ఇంటి మర్యాద దగ్గర ఓడిపోయాడు. దక్షుడి తరఫు వకీలు ఎంత గట్టివాడైనా ఇక్కడికొచ్చేసరికి అతని దగ్గర మాట మిగలదు.

శిక్షకు కొలత

ఈ కథను కట్టినవాళ్ళు శిక్షను కూడా వాదనలో భాగం చేశారు. వీరభద్రుడు అందరినీ ఒకే కట్టెతో బాదలేదు. శివుణ్ణి తిడుతున్నప్పుడు కన్నుగీటి ప్రోత్సహించిన భగుడికి కళ్ళు పోయాయి. పళ్ళు బయటపెట్టి నవ్విన పూషుడికి పళ్ళు రాలాయి. గడ్డం మీసాలు సవరిస్తూ వెటకారం చేసిన భృగువుకు అవి ఊడివచ్చాయి. ఎవడి పాత్ర ఎంతో అంతకే వేటు. దక్షుడి మెడ ఆయుధాలకు తెగలేదు. చివరికి వీరభద్రుడు యజ్ఞపశువును చంపే పద్ధతిలోనే తల వేరుచేశాడు. ఏ యజ్ఞాన్ని ఆయుధం చేసుకున్నాడో ఆ యజ్ఞంలోనే పశువయ్యాడు.

దక్షుడి కథ అక్కడితో ఆగదు. బ్రహ్మ కైలాసానికి వెళ్ళి బతిమాలాడు. శివుడు శాంతించి, మేకతల పెట్టించి, ఆయన్ను లేపించాడు. భగుడు మిత్రుడి కళ్ళతో చూస్తాడు, పూషుడు యజమాని పళ్ళతో తింటాడు, భృగువుకు మేకగడ్డం వస్తుంది. ఆగిపోయిన యాగం పూర్తయింది, దాన్ని పూర్తిచేసింది దక్షుడే. తప్పుచేసినవాణ్ణి తుడిచిపెట్టకుండా, తప్పు గుర్తు ముఖం మీద ఉంచి, పని అతని చేతే ముగింపజేశారు.

గోదావరి సీమ ఈ తీర్పును మూడు ఊళ్ళకు పంచి పెట్టుకుంది. నేరం ద్రాక్షారామంలో. శిక్ష ముగిశాక వీరభద్రుడు తన ఆయుధమైన పట్టిసాన్ని గోదావరిలో కడిగింది పట్టిసీమలో అని అక్కడి స్థలపురాణం. ఆ తరువాత కూడా చల్లారని కోపాన్ని భద్రకాళితో పెళ్ళి చేసి చల్లార్చింది మురమళ్ళలో అని కోనసీమ కథ. అందుకే మురమళ్ళ వీరేశ్వరస్వామికి ఇప్పటికీ నిత్యకల్యాణం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. తప్పుచేసినవాడికే కాదు, శిక్షించినవాడికి కూడా శాంతి చేయాలి. న్యాయమైన కోపం కూడా పని ముగిశాక ఊళ్ళో తిరగకూడదు.

ఆ కోపం ఎలా ఉంటుందో చూడాలంటే వీరనాట్యం చూడాలి. దీనికి ద్రాక్షారామమే పుట్టిల్లని ప్రతీతి. వీరముష్టివారు పరంపరగా చేసే ఈ నృత్యంలో వీరణం, డోలు, తాషా మోగుతుంటే, ఒళ్ళంతా విభూతి, నడుముకు దట్టీ, చేతిమీద మండుతున్న కర్పూరపు పళ్ళెంతో ఆడతారు. నారసాలు గుచ్చుకుంటారు. శరభ శరభ అన్న కేకల మధ్య దక్షయజ్ఞ ధ్వంసాన్ని వర్ణిస్తూ ఖడ్గాలు చదువుతారు. మాటలతో ఎంత వాదించుకున్నా, సతి దుఃఖం ఇంత బరువుదని ఒంటితో గుర్తుచేసేది ఈ నృత్యం. అది లేకపోతే దక్షుడి మీద జాలి మరీ చవకగా దొరికేది.

కొత్త రంగస్థలం

ఈ విద్య ఇప్పుడు వీడియోగేముల్లోకి చేరింది. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’లో సోలాస్ అనే మాంత్రికుడు ఆటగాడి పక్కనే నడుస్తాడు, సలహాలిస్తాడు, స్నేహం చేస్తాడు. 2015లో వచ్చిన ‘ట్రెస్‌పాసర్’ అనే కొనసాగింపులో అతని గుట్టు బయటపడుతుంది. అతను ఎల్ఫ్‌జాతి గాథల్లోని ఫెన్‌హారెల్. దేవుళ్ళుగా చెలామణి అయిన తనజాతి నిరంకుశులు తన ఆప్తురాలు మిథాల్‌ను చంపితే, వాళ్ళను బంధించడానికి ఈ లోకానికీ ఆత్మల లోకానికీ మధ్య తెర సృష్టించాడు. ఆ తెరవల్ల తనజాతే అమరత్వం పోగొట్టుకుంది. ఇప్పుడు తెర చింపి పాతలోకాన్ని తిరిగి తేవాలనుకుంటున్నాడు. అలా చేస్తే ఇప్పుడున్న లోకం నాశనమవుతుందని అతనికి తెలుసు.

సోలాస్ ద్రోహా, పశ్చాత్తాపంతో కాలుతున్నవాడా అని ఆటగాళ్ళు ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. మన మెట్లు అతనికి కూడా సరిపోతాయి. పూర్వపక్షం: తన తప్పువల్ల చితికిన జాతికి తానే మరమ్మతు చేయాలనుకోవడం ధర్మమే. పాతలెక్క: అతని మొదటి పని కూడా మంచి ఉద్దేశంతోనే మొదలై వినాశంతో ముగిసింది, కనుక రెండోసారి అతని అంచనాను నమ్మేదెలా? పన్నాగం: తన శక్తినిండిన గోళాన్ని తానే తెరవలేక కొరిఫియస్ అనే దుష్టుడి చేతికి అందేలా చేశాడు, ఆకాశం చిరిగింది, ఎందరో చచ్చారు. ఇక హెచ్చరిక ఘడియ: స్నేహితుల మధ్య బతికి, వాళ్ళూ నిజమైన మనుషులేనని గుర్తించాక కూడా అతను దారి మార్చుకోలేదు.

గేము పురాణం కంటే ఒక అడుగు ముందుకు వేసేది ఇక్కడే. 2024లో వచ్చిన ‘ది వీల్‌గార్డ్’లో సోలాస్‌ను పోరాడి ఓడించవచ్చు, మోసంతో బంధించవచ్చు, ఒప్పించి దారి మళ్ళించనూవచ్చు. దధీచి వేషం ఆటగాడికిచ్చారన్నమాట. అయితే ఒప్పించే దారి ఊరికే దొరకదు. సోలాస్ గతాన్ని ముందే ఓపికగా తెలుసుకున్నవాడికే అది తెరుచుకుంటుంది. ప్రతినాయకుణ్ణి ఆపాలన్నా ముందు అతని కథ పూర్తిగా వినాలి అన్న మన పురాణకుల పద్ధతి అక్కడ ఆట నియమమైంది.

ఈ విద్య ఎందుకు

ద్రాక్షారామం ఇంకో అపరాధికి కూడా చోటిచ్చింది. శ్రీనాథుడు రాజమహేంద్రవరం రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయామాత్యుడికి అంకితమిచ్చిన భీమేశ్వర పురాణంలో ఆ కథ ఉంది. కాశీలో భిక్ష దొరక్క ఆకలిమీద ఊరినే శపించబోయిన వ్యాసుడు శివుడి ఆగ్రహానికి గురై, ఆ నగరం విడిచి దక్షారామానికి వస్తాడు. భిక్ష దొరక్కుండా చేసింది శివుడే అన్నది ఈ కథలో మెలిక. పరీక్ష పెట్టినవాడి ఎత్తు న్యాయమైనదేనా అన్న ప్రశ్న బడిలో ‘భిక్ష’ పాఠం చదువుకున్న పిల్లలు కూడా వేయగలరు. శాపం పెట్టబోయినవాడు వేదాలు విభజించిన, భారతం చెప్పిన మహర్షి. మంచి కథకుడు కూడా ఆకలి పుడితే ప్రతినాయకుడు కాగలడని శ్రీనాథుడు మొహమాటం లేకుండా చెప్పాడు. ద్రాక్షారామం చేరినవాళ్ళలో దక్షుడూ వ్యాసుడూ ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరి వైపూ కొంత న్యాయముంది, ఇద్దరూ కోపంలో అవతలివాణ్ణి చూడడం మానేశారు.

ఈ కథల మీద వాదించుకోవడం వల్ల కలిగే లాభం పురాణజ్ఞానం ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పొలంగట్టు తగాదాలో, ఆస్తి పంపకాల్లో, పిలుపు మరిచారన్న అలకలో, మన ఎదుట కూర్చునేవాళ్ళు రాక్షసులు కారు, దక్షుళ్ళు. వాళ్ళకో వాదముంటుంది, దాని వెనక పాతలెక్క ఉంటుంది, చేసిన పనిలో తప్పుంటుంది. వాదం వినకుండా తప్పు పట్టేవాడి మాట వాళ్ళు వినరు. వాదం విని తప్పు మరిచిపోయేవాడివల్ల ఎవరికీ న్యాయం జరగదు. రెండూ పట్టుకుని నిలబడడం కష్టం, అందుకే దానికి సాధన కావాలి. ప్రాణాలు పోని కథ మీద సాధన చేస్తే ప్రాణాలున్న తగువులో చెయ్యి తిరుగుతుంది.

కాబట్టి ఈసారి ఇంట్లో పిల్లలు గేములో విలన్ మంచివాడా చెడ్డవాడా అని గొడవ పడుతుంటే ఆపకండి. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు వేయండి. అతనికి ఏం కావాలి? దానికోసం ఏం చేశాడు? వద్దని చెప్పినవాళ్ళు వచ్చినప్పుడు ఏం చేశాడు? మూడోదానికి జవాబు దొరికేదాకా తీర్పు చెప్పనివ్వకండి. ఆ తరువాత అదే మూడు ప్రశ్నలు, మీరు మాటలు మానేసిన బంధువు విషయంలో, మీకు మీరే వేసుకోండి.